ఏడోవాడు నోరు తెరిస్తే

జూన్ 3, సోమవారం

నా తమ్ముడు పరాయివాడి ముందు నన్ను చెవిటివాడన్నాడు. పదకొండేళ్ళయింది. ఆ మాట ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలనే ఈ డైరీ తీశాను. ఇది మా అమ్మాయికి ఆఫీసు వాళ్ళు పంపించింది. ఆమె రాయదు. ఆమెకి అన్నీ కంప్యూటర్లోనే.

నేను చదివింది మూడో తరగతి. మిగతా అక్షరాలు గిన్నెల మీద పేర్లు చెక్కగా చెక్కగా వచ్చినవే. అందుకే నా రాత ఉలితో పొడిచినట్టు ఉంటుంది. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఫరవాలేదు.

మాది రాగి పని. నేనూ తమ్ముడూ ఒకే షెడ్డులో, ఒకే కొలిమి దగ్గర ముప్ఫై ఏళ్ళు పైగా చేశాం. రంగుల మిల్లు వాళ్ళు ఒక పెద్ద గంగాళం చెప్పారు. పక్కన మనిషి నిలబడితే భుజాల దాకా వచ్చేంతది. నలభై రోజుల పని. ముప్ఫై ఎనిమిదో రోజున నేను అంచు కొడుతుంటే మిల్లు మేనేజరు వచ్చి పక్కనే నిలబడ్డాడు. తమ్ముడు ఆపమన్నాడు. నేను ఆపలేదు. మళ్ళీ ఆపమన్నాడు. ఆపలేదు. అప్పుడు అందరికీ వినపడేలా, ఆపరా బాబూ, నీ చెవులు పోయాయి, నీకు వినపడటం లేదు అన్నాడు. అన్నని పట్టుకుని ఆపరా అన్నాడు. మేనేజరు మూతి బిగించుకుని నవ్వాడు. నేను ఇంకా మూడు దెబ్బలు కొట్టాను. అంచు చీలింది. జానెడు.

రాగి రేకుని కొట్టే కొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడిన రేకుని కొలిమిలో పెట్టి మెత్తబరచి మళ్ళీ కొట్టాలి. పెట్టకుండా కొడితే చీలుతుంది. పనిలో చేరిన మొదటి వారం నేర్పే సంగతి ఇది. కొలిమి దగ్గర కూర్చునేది వాడు. నిప్పు సరిగ్గా చూపించనిది వాడు. తప్పు వాడిది, చెవుడు నాకు.

సుత్తి కింద పెట్టి వచ్చేశాను. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. వాడూ ఇటు రాలేదు.

నాకు బాగానే వినపడుతుంది.

జూన్ 4, మంగళవారం

టీవీ సౌండు దగ్గర మళ్ళీ గొడవ. టీవీ పాతది అయిపోయింది, ఆ ముక్క ఒప్పుకోరు.

జూన్ 6, గురువారం. మధ్యాహ్నం 1:40

ఇది రాయడం నాకిష్టం లేదు. అయినా రాస్తాను.

మా అమ్మాయి ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తుంది. ఫ్రిజ్ పాడైందని జనం తిడతారు, ఆమె సారీ అని టైపు చేస్తుంది. ఒంటిగంటకి బ్రేకు. ఆ బ్రేకులో అన్నం కూడా సరిగ్గా తినకుండా చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో ఆట ఆడుతుంది. నలభై ఏళ్ళ మనిషి. భుజాలు ఊపుతుంది. నేను చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకుంటాను.

ఇవాళ కొరియర్ వచ్చాడని కిందికి వెళ్ళింది. హెడ్‌ఫోన్స్ బల్ల మీద ఉన్నాయి. అంతగా ఊగడానికి అందులో ఏముందో చూద్దామని పెట్టుకున్నాను.

నా తమ్ముడు సుత్తి కొడుతున్నాడు.

పొరపాటు కాదు. మూడు దెబ్బలు రేకు మీద, నాలుగోది వట్టి దాగలి మీద, అంటే రేకు కింది ఇనప దిమ్మ మీద, తేలిగ్గా. చెయ్యి విశ్రాంతి తీసుకునే దెబ్బ అది. ఆ నాలుగోది అందరూ వేస్తారు, కానీ మూడోది కాస్త ఆలస్యంగా పడేది వాడి ఒక్కడికే. చూపుడువేలు విరిగి వంకరగా అతుక్కుంది వాడికి. పదకొండేళ్ళు కాదు, నూరేళ్ళయినా ఆ దెబ్బ నాకు తెలుస్తుంది.

అమ్మాయి పైకి వచ్చి నా తల మీద హెడ్‌ఫోన్స్ చూసింది. మొహం తెల్లగా పాలిపోయింది. వీడు ఇందులో ఎందుకున్నాడని అడిగాను. ఊరికే ఆట నాన్నా అంది. నేను మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పింది. అసలు ఆట ఏదో కంపెనీది. అది ఇష్టపడ్డవాళ్ళు తమ సొంత చప్పుళ్ళు పెట్టి సొంతంగా మళ్ళీ చేసుకుంటారట. దాన్ని మోడ్ అంటారట. ఈ మోడ్ పిచ్చుక చేసిందట.

పిచ్చుక అంటే తమ్ముడి కూతురు. చిన్నప్పుడు షెడ్డులో గిన్నె మీంచి గిన్నె మీదికి గెంతేది. నేనే పెట్టాను ఆ పేరు.

మీరిద్దరూ ఎప్పటినుంచి మాట్లాడుకుంటున్నారని అడిగాను. మేమెప్పుడు మానేశాం నాన్నా, మానేసింది నువ్వూ బాబాయీ అంది. అని వెళ్ళి ఫ్రిజ్‌ల వాళ్ళకి సారీలు టైపు చేసుకుంటూ కూర్చుంది. నాకు మాత్రం ఒక్క సారీ లేదు.

జూన్ 7, శుక్రవారం

అమ్మాయితో మాట్లాడలేదు. చారు వడ్డిస్తే తిన్నాను. అంతే.

జూన్ 8, శనివారం

ఆమెకి సెలవు. బజారుకి వెళ్ళింది. లాప్‌టాప్ తెరిచే ఉంచింది, ట్యాబ్ కూడా తీసే ఉంది. కావాలనే ఉంచిందో ఏమో. నేనేం ఆడలేదు. ఊరికే చూశాను.

సరే, ఆడాను. అబద్ధం రాసుకుని ఎవరికి పెట్టాలి.

తెర మీద ఏడుగురు నిలబడి ఉంటారు, బూడిద రంగులో, పని దొరకని కూలీల్లాగా. కింద బొమ్మల వరస. ఒక బొమ్మని మౌస్‌తో పట్టుకుని లాక్కెళ్ళి ఒకడి మీద వదిలితే వాడికి రంగు వస్తుంది, వాడి చప్పుడు మొదలవుతుంది. వాడు చేసిందే చేస్తూ ఉంటాడు, నువ్వు పీకేసేదాకా. ఇంకొకడి మీద ఇంకోటి వదిలితే వాడు తన వంతు వచ్చేదాకా ఆగి సరిగ్గా తాళంలో అందుకుంటాడు. నా దగ్గర పనిచేసిన వాళ్ళలో ఇంత బుద్ధిగా ఉన్నవాడు ఒక్కడూ లేడు.

మౌస్ పట్టుకోవడం గంట పట్టింది. ఉలి పట్టిన చేతికి అది సబ్బుముక్కలాగా ఉంది.

మొదటివాడు తిత్తి, కొలిమికి గాలి ఊదేది. ఛాతీ ఉబ్బుతుంది, తగ్గుతుంది. రెండోవాడు సుత్తి. మూడోవాడు కొడతి, అంటే చెక్క సుత్తి. నాలుగోవాడు ఆకురాయి. అయిదోవాడు పట్టకారు, నోరు టకటక కొట్టుకుంటాడు. ఆరోవాడు నీళ్ళ తొట్టి, వేడి రేకు ముంచినప్పటి చుయ్‌ మనే చప్పుడు. ఏడోవాడి తల గుండ్రంగా రాగి రంగులో ఉంటుంది. కళ్ళు గట్టిగా మూసుకుని నోరు ఇంత బారున తెరుస్తాడు. ఏమీ అనడు.

ఇవన్నీ మా షెడ్డువే. నీళ్ళ తొట్టి కూడా మాదే. దాని గొంతు నాకు తెలుసు.

మెట్ల మీద అలికిడైతే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. అమ్మాయి వచ్చి చూసి, వాతావరణం ఎలా ఉంది నాన్నా అని అడిగింది. బాగుందన్నాను. హెడ్‌ఫోన్స్ నా మెడలోనే ఉన్నాయని తర్వాత చూసుకున్నాను.

జూన్ 10, సోమవారం

దాపరికం పోయింది. ఒంటిగంటకి ఆమె అన్నం తింటుంది, నేను ఆడతాను.

పిచ్చుకకి చప్పుడు పట్టడం తెలుసు కానీ పని తెలియదు. ఎవడు పడితే వాడు ముందు రావచ్చు ఆమె ఆటలో. అలా ఎక్కడైనా ఉంటుందా? ముందు తిత్తి. కొలిమి రాజుకున్నాక పట్టకారు. తర్వాత కొడతి, తర్వాతే సుత్తి. నేను ఆ వరసలో పెడితే పాట నిలబడింది. అమ్మాయి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని వింది. నాన్నా, ఎన్ని నెలల నుంచి ఆడుతున్నానో, నాకు ఇలా ఎప్పుడూ రాలేదు అంది. రాదు మరి, నీకు వచ్చేది సారీ ఒక్కటే అన్నాను. నవ్వింది. నాలుగు రోజుల తర్వాత నవ్వింది.

ఏడోవాడే దండగ. వాడి బొమ్మని పెట్టినా పెట్టకపోయినా ఒకటే. తీసి అవతల పారేస్తున్నాను. ఆరుగురితోనే కానిస్తున్నాను.

జూన్ 11, మంగళవారం

పిచ్చుకకి కబురు పెట్టించాను. మీ పెదనాన్న అన్నాడని చెప్పు, ఏడోవాడు పని చెయ్యడం లేదు, రిపేరు చేసుకోమని చెప్పు అన్నాను. చేసిన వస్తువు అంగట్లో పెట్టేముందు ఒకసారి తట్టి చూసుకోవాలని కూడా చెప్పమన్నాను.

అమ్మాయి నా మొహం వంక చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది. టైపు చేసింది.

ఊరుకోవడం ఎందుకో.

జూన్ 12, బుధవారం

జవాబు వచ్చింది. అమ్మాయి చదివి వినిపించింది. రెండుసార్లు చదివించుకున్నాను.

షెడ్డు ఈ నెల 30న ఖాళీ చేసేస్తున్నారట. తమ్ముడి చెయ్యి వణుకుతోంది, సుత్తి పట్టలేకపోతున్నాడట. చెయ్యి ఇంత చెడకముందే, చలికాలంలో పిచ్చుక పక్కన కూర్చుని చప్పుళ్ళన్నీ రికార్డ్ చేసిందట. షెడ్డు పోయినా అవి ఉండాలని ఈ ఆట చేసిందట. ఆట కింద జనం ఏవేవో రాస్తారు, సూపర్ అనీ, సుత్తివాడు నాకిష్టం అనీ. ఆమె రోజూ సాయంత్రం అవన్నీ వాళ్ళ నాన్నకి చదివి వినిపిస్తుందట. సుత్తివాడు ఇష్టమని ఎవరైనా రాస్తే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింటాడట.

ఇక ఏడోవాడు. పెదనాన్నా, ఏడోవాడు బాగానే పని చేస్తున్నాడు అంది. అది రేకు గట్టిపడినప్పుడు వచ్చే సన్నటి మోత. సుత్తి దెబ్బ వెనకాల ఈల లాగా వస్తుంది, ఇక నన్ను నిప్పులో పెట్టమని అడుగుతుంది. దాన్ని పట్టడానికి నాన్న మూడు రేకులు కావాలని చీల్చాడు. అది లేకపోతే మిగతా ఆరూ ఉత్త రొద అన్నాడు.

హెడ్‌ఫోన్స్ పాడైపోయి ఉంటాయన్నాను.

జూన్ 13, గురువారం

లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కింద టైలరు దగ్గరికి వెళ్ళాను. నా ఈడువాడు. అబద్ధం ఆడేంత తెలివి లేదు. ఏడోవాడిని ఒక్కడినే పెట్టి వాడి చెవులకి తగిలించాను. ఏమైనా వినపడుతోందా అని అడిగాను. వాడు గభాలున పీకేసి, పలక మీద మేకుతో గీసినట్టుంది, ఇదేం పాట గురువుగారూ, దీనికి డబ్బులు కూడా ఇస్తారా అన్నాడు. కుట్టుమిషన్ దగ్గరున్న వాడి కోడలు కూడా విని చెవులు మూసుకుంది.

ఇద్దరూ నా వంక అలా చూశారు. నేను నవ్వాను. అవును, పలక మీద మేకే అన్నాను. లాప్‌టాప్ మూసి పైకి వచ్చాను. మెట్లు పద్దెనిమిది. ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

అమ్మాయి ముందే వాళ్ళకి చెప్పి పెట్టి ఉంటుంది. ఆడవాళ్ళు ఫోన్లలో ఏమైనా చేస్తారు.

జూన్ 14, శుక్రవారం. ఉదయం 11 గంటలు

అమ్మాయి స్నానానికి వెళ్ళింది. హెడ్‌ఫోన్స్ వైరు పీకేశాను. సౌండు ఆఖరిదాకా పెంచాను. ఏడోవాడి బొమ్మని లాక్కెళ్ళి వాడి మీద వదిలాను. చెవి తీసుకెళ్ళి లాప్‌టాప్‌కి ఆనించాను.

వాడు కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. నరాలు ఉబ్బాయి వాడికి మెడ మీద. మూశాడు. తెరిచాడు.

ఏమీ లేదు. నా ఊపిరి నాకు వినపడుతోంది.

అంతలో అమ్మాయి తడిజుట్టుతో, చెవుల మీద చేతులు పెట్టుకుని, పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎదురు వాటాలో ఆవిడ కిటికీ తీసి ఏదో అరుస్తోంది. కింద కుక్క తల పైకెత్తి మొరుగుతోంది. కుక్క మొరుగుడు వినపడుతోంది నాకు. ఆవిడ అరుపు వినపడుతోంది. అమ్మాయి నాన్నా ఆపు ఆపు అనడం వినపడుతోంది.

వాళ్ళందరూ దేని గురించి అరుస్తున్నారో అది వినపడటం లేదు.

అమ్మాయి వచ్చి ఆపింది. తువ్వాలుతో నా మొహం తుడిచింది. చెమట అనుకుంది. నేనూ అదే చెప్పాను.

జూన్ 15

రాయను.

జూన్ 17, సోమవారం

చెవుల డాక్టరు దగ్గరికి వెళదామంది. ఎందుకు, నాకు తెలియంది ఆయన ఏం చెబుతాడు అన్నాను.

చెయ్యి చెబుతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. రేకు గట్టిపడితే సుత్తి ఎగురుతుంది, మణికట్టుకి తెలుస్తుంది. తెలుస్తుంది నిజమే. కానీ పల్చటి రేకుకి తెలుస్తుంది. గంగాళం అంచులాంటి మందపు రేకుకి చేతికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అక్కడ చెవే పని చెయ్యాలి.

కుర్రతనంలో నాకు వినపడేది ఆ మోత. ఎలా ఉండేదో గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. గుర్తు రావడం లేదు. ఎప్పుడు ఆగిపోయిందో కూడా గుర్తు లేదు. పన్ను ఊడితే తెలుస్తుంది. ఇది ఊడినట్టే తెలియలేదు.

అయినా ఒక్క సంగతి తేలడం లేదు. గంగాళానికి ముందు నా చేతిలో ఒక్క రేకూ చీలలేదు. చెవులు పోయినవాడి చేతిలో ఎందుకు చీలలేదు? అంటే గంగాళం నాడు నిప్పు చూపించనిది వాడే. ఇది నాకు మిగిలిన మేకు. దీన్ని పట్టుకునే వేలాడుతున్నాను.

జూన్ 18, మంగళవారం. మధ్యాహ్నం 3 గంటలు

ఆ మేకూ ఊడింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ మొదటిసారి ఏడుగురినీ పెట్టాను. వినపడకపోతే పోయె, నోరు తెరవడం కనపడుతుంది కదా, దాన్ని బట్టి పెడదామనుకున్నాను. తిత్తి, పట్టకారు, కొడతి, సుత్తి, ఆకురాయి, తొట్టి. ఆఖరున ఏడోవాడు. ఇన్నాళ్ళూ వాడిని పారేసి ఆడాను కాబట్టి ఏడుగురూ ఎప్పుడూ వరసలో పడలేదు.

ఏడోవాడు మూడుసార్లు నోరు తెరిచాడు. తర్వాత నేను ముట్టుకోకుండానే తెర నల్లబడింది. పాడు చేశాననుకుని అమ్మాయిని పిలిచాను. ఆమె వచ్చి, బోనస్ నాన్నా, బోనస్ వచ్చింది అంది. సరైన వాళ్ళని సరైన వరసలో పెడితే దాచిపెట్టిన చిన్న సినిమా ఒకటి వస్తుందట. ఈ మోడ్‌లో అది ఇంతవరకూ ఎవరికీ రాలేదట. కింద జనం అడుగుతూనే ఉన్నారట, ఎలా వస్తుందని.

సినిమా ఇది. షెడ్డు. సుత్తివాడు కొడుతున్నాడు. పైన గోడ మీద ఏడోవాడు నోరు తెరిచాడు. సుత్తివాడు తల ఎత్తలేదు. వాడికి వినపడనట్టు కొడుతూనే ఉన్నాడు. తిత్తివాడికి వినపడింది. లేచి సుత్తివాడి భుజం తట్టి టీ గ్లాసు చేతిలో పెట్టాడు. సుత్తివాడు సుత్తి పక్కన పెట్టి టీ ఊదుకుంటూ తాగుతున్నాడు. వాడు అటు తిరగగానే తిత్తివాడు రేకు తీసి కొలిమిలో పెట్టాడు. ఎర్రగా అయ్యాక తీసి తొట్టిలో ముంచి, తుడిచి, మళ్ళీ దాగలి మీద పెట్టాడు. సుత్తివాడు గ్లాసు ఇచ్చేసి మీసం తుడుచుకుని కొట్టడం మొదలుపెట్టాడు. అయిపోయింది.

సుత్తివాడికి మీసం ఉంది. తమ్ముడికి మీసం లేదు.

వాడు మాటిమాటికీ టీ అనేవాడు. అన్నయ్యా, ఒక చుక్క టీ తాగుదాం. గంటకోసారి. ఒక్కోసారి గంటలో రెండుసార్లు. తిరగమోత గింజలాగా ఎగిరి లేచేవాడు టీ కోసం. వీడికి పని కంటే టీ ఎక్కువని మా ఆవిడతో ఎన్నిసార్లు అన్నానో. సోమరి అని పదిమందిలో అన్నాను. టీ రాక్షసుడన్నాను. వాడు పళ్ళికిలించేవాడు.

గంగాళం నాడు కూడా అడిగాడు. ఇప్పుడు గుర్తొస్తోంది. మేనేజరు వచ్చి నిలబడ్డాక, అన్నయ్యా టీ తాగుదామా అన్నాడు. మిల్లు మనిషి ముందు టీ ఏమిట్రా సిగ్గులేదూ, నోరు మూసుకో అన్నాను. మళ్ళీ అడిగాడు. కసిరాను. రేకు అడుగుతోంది, వాడికి వినపడుతోంది, నాకు వినపడటం లేదు, టీ పనిచెయ్యడం లేదు. ఇక వాడి దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే.

అమ్మాయి నవ్వుతోంది, బోనస్ తెచ్చావు నాన్నా అంటోంది. తర్వాత నా మొహం చూసి ఆగిపోయింది.

జూన్ 19, బుధవారం

పిచ్చుకని అడిగించాను. ఆ సినిమా ఎవరు చెప్తే తీశావు?

ఎవరూ చెప్పలేదు పెదనాన్నా, చిన్నప్పుడు రోజూ చూసేదాన్ని కదా అంది. నాన్న ఎందుకు అన్నిసార్లు టీ ఇస్తాడని ఒకసారి అడిగితే, రేకు ఈల వేసింది కదమ్మా, నీకు వినపడలేదా, పెదనాన్నకి చెప్పకు, ఆయన నొచ్చుకుంటాడు అన్నాడట. ఇంతకాలం చెప్పలేదట. ఆటలో పెడితే చెప్పినట్టు కాదనుకుందట.

పిల్లకి తెలుసు. గెంతుతూ తిరిగే పిల్లకి తెలుసు. నాకు తెలియదు.

జూన్ 20, గురువారం

తమ్ముడికి నా బోనస్ సంగతి తెలిసింది. నవ్వాడట. తర్వాత చాలాసేపు గోడ వైపు తిరిగి కూర్చున్నాడట. అన్నయ్యని 30 లోపు ఒకసారి రమ్మని చెప్పు, ఏమీ మాట్లాడుకోవద్దు, ఊరికే వచ్చి కూర్చోమను అన్నాడట.

అమ్మాయి చీర కూడా తీసి పెట్టుకుంది. ఆదివారం వెళదామంది.

నేను రానన్నాను.

జూన్ 21, శుక్రవారం

ఇల్లు రణరంగం. ఇన్నాళ్ళూ అమ్మాయి గొంతు పెంచగా వినలేదు నేను. ఇవాళ విన్నాను. అదైతే బాగానే వినపడింది.

ఇంకా ఏం కావాలి నీకు, బాబాయ్ తప్పేం లేదని తేలింది కదా, నిన్ను ఏళ్ళ తరబడి కాపాడాడు కదా అంది. కాపాడమని వాడిని ఎవరడిగారు అన్నాను. నువ్వు మనిషివా అంది. మనిషినే, పని తెలిసిన మనిషిని అన్నాను.

ఆమెకి అర్థం కానిది ఇది. నేను చేసిన ప్రతి గిన్నె అడుగునా మూడు చుక్కల గుర్తు ఉంటుంది. నా గుర్తు. వాడి గుర్తు వేరు, నెలవంక. ఆస్పత్రి బాయిలరు మీద నా చుక్కలున్నాయి. స్టేషన్ పక్క హోటల్లో నీళ్ళ కాగు మీద ఉన్నాయి. నేను ఇప్పటికీ ఆ హోటల్ ముందు నుంచి వెళితే లోపలికి తొంగిచూసి వస్తాను. కూతుర్ని చూసుకున్నట్టు చూసుకుంటాను. అది నాదేనా? సగం చెవి వాడిది. చెవి వాడిదైతే పని ఎవరిది?

పదకొండేళ్ళు ఒక చీలిన గంగాళాన్ని తలుచుకుని కాలిపోయాను. ఇప్పుడు చీలనివన్నీ తలుచుకోవాల్సి వస్తోంది. అది ఎక్కువ.

నీ పేరుతో ఇంకొకరు సారీ టైపు చేస్తే నువ్వు ఒప్పుకుంటావా అని అడిగాను. రోజూ చేస్తారు నాన్నా, నేను బాత్రూంకి వెళితే నా షిఫ్టులో ఇంకొకామె నా పేరుతోనే చేస్తుంది, ఫ్రిజ్ బాగైతే చాలు కదా అంది.

నీళ్ళు వేడెక్కితే చాలు కదా అన్నట్టుంది. తలుపు వేసుకున్నాను.

జూన్ 22, శనివారం

ఆ హోటల్‌కి వెళ్ళాను. వంటవాడిని అడిగి కాగు పక్కకి వంచి అడుగు చూశాను. చుక్కలు ఉన్నాయి. వేలితో తడిమాను. ఎన్నేళ్ళదయ్యా ఇది, దేనికీ లొంగదు అన్నాడు వాడు. ఎవరు చేశారో అని కూడా అన్నాడు.

నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. తెరిచాను. ఏమీ రాలేదు.

జూన్ 23, ఆదివారం

అమ్మాయి ఒక్కతే వెళ్ళింది షెడ్డుకి. సాయంత్రం వచ్చింది. చెంగుకి మసి అంటుకుని ఉంది. బాబాయ్ ఎలా ఉన్నాడని నేను అడగలేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. బాబాయ్‌కి గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి నాన్నా అంది.

నేను కంచంలో చెయ్యి కడిగేశాను.

జూన్ 24, సోమవారం. రాత్రి 9:20

ఫోన్ చెయ్యి అంది అమ్మాయి. ఫోన్‌లో వాడు నవ్వేసి మాట దాటేస్తాడు. నాకు తెలుసు వాడు. ఎదురుపడితే అసలు అడగలేను. వాడి చెయ్యి చూస్తాను, అడగాల్సింది మింగేసి వచ్చేస్తాను. అప్పుడు చచ్చేదాకా తెలియదు.

అందుకని ఆట కింద రాస్తానన్నాను. జనం రాసే చోట. అక్కడ రాసింది పిచ్చుక వాడికి చదివి తీరాలి. అందరూ చూస్తారు నాన్నా అంది. చూడనీ. వాడు నలుగురిలో అన్నాడు, నేను నలుగురిలో అడుగుతాను.

ఒక వేలితో టైపు చేశాను. గంటన్నర. అమ్మాయి సాయం చేస్తానంటే వద్దన్నాను. అచ్చుతప్పులు దిద్దుతానంటే అదీ వద్దన్నాను. నాకు పైన ఎవరో సుత్తివాడు అదుర్స్ అని రాశాడు. నాకు కింద ఎవరో బోనస్ ఎలా వస్తుంది ప్లీజ్ అని రాశారు. మధ్యలో నాది.

జూన్ 24. అక్కడ రాసింది ఇక్కడ దింపుకున్నాను

తమ్ముడూ. నేను.

నా చెవి ఏ సంవత్సరం నుంచి నీకు తెలుసు? టీ మొదలుపెట్టిన సంవత్సరం చెప్పు. దానికి ముందువి నావి. ఆ తర్వాతివాటి మీద నా చుక్కల పక్కన నీ నెలవంక చెక్కాలి. ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు తెలుసు, ఉలి పట్టుకుని నేనే తిరుగుతాను. తగ్గించి చెప్పావంటే పట్టేస్తాను. నొచ్చుకుంటానని చూడకు. కారణాలు వద్దు, సంవత్సరం చాలు.

శుక్రవారం, 28వ తేదీ, సాయంత్రం అయిదింటి లోపు చెప్పు.